హిందీ క్లాసు వాళ్లతో థార్ ఎడారి కోటలకు: హైదరాబాద్ నుంచి ఎలా వెళ్లిరావాలి

చలికాలం దగ్గరపడగానే హిందీ నేర్చుకుంటున్న బ్యాచ్‌ల నుంచి అవే ప్రశ్నలు వస్తుంటాయి. జైసల్మేర్‌కి ఎన్ని రోజులు కావాలి, రైలా ఫ్లైటా, ఇసుక దిబ్బల దగ్గర క్యాంపులో ఉండొచ్చా అని. అసలు అడగాల్సింది మాత్రం ఎవరూ అడగరు. పన్నెండు మంది తెలుగువాళ్లం ఒకే బండిలో అయిదు రోజులు తిరిగితే హిందీ ఎవరితో, ఎప్పుడు మాట్లాడతాం? దీనికి ముందే ఏర్పాటు చేసుకోకపోతే మంచి ఫొటోలతో, ఉన్న హిందీతోనే తిరిగొస్తారు. అందుకే ఈ ప్లాన్‌లో రూట్‌తో పాటు మాట్లాడే పద్ధతినీ కలిపి రాశాం.

లెక్కలన్నీ 12 మందికి. 14 దాటితే కోట సందుల్లో గుంపును కదిలించడం కష్టం. ఇంకా ఎక్కువ మంది ఉంటే రెండు బ్యాచ్‌లుగా వేర్వేరు వారాల్లో వెళ్లడం మేలు.

కావాల్సినవి

- ఒరిజినల్ గుర్తింపు కార్డు, రెండు జిరాక్స్ కాపీలు (హోటల్లో ఒకటి, క్యాంపులో ఒకటి అడుగుతారు)
- మందపాటి స్వెటర్, చెవులు మూసే టోపీ, సాక్సులు. "హైదరాబాద్ చలి చూశాంలే" అని పల్చటి జాకెట్‌తో వచ్చేవాళ్లే రాత్రి దుప్పటి కోసం తిరుగుతారు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకి పడిపోవడం అక్కడ మామూలే
- కాలిని పూర్తిగా కప్పే బూట్లు, గుడిలో తేలిగ్గా విప్పడానికి ఒక జత చెప్పులు
- పెద్ద కాటన్ తువ్వాలు లేదా చున్నీ: ఎండకి, ఇసుకకి, చలికి
- పెదాలకు, మడమలకు వాజలీన్. గాలి బాగా పొడిగా ఉంటుంది
- జట్టుకొక చిన్న టార్చి (శాసనాలు చదవడానికి), గీతల్లేని నోటుపుస్తకం, పెన్సిల్
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు, వాంతులకు, విరేచనాలకు డాక్టర్ సలహాతో తీసుకున్న మాత్రలు
- కందిపొడి, ఆవకాయ. నవ్వకండి, మూడో రోజుకి అందరూ అడుగుతారు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలోనే వేయండి, నూనె కారిందంటే బ్యాగులో బట్టలన్నీ పోయినట్టే

1. తేదీలు ఖరారు చేయండి

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అందులో డిసెంబర్ 24 నుంచి జనవరి 2 వరకు వదిలేయండి. గదుల ధరలు పెరగడం ఒక్కటే కారణం కాదు. ఆ రద్దీలో దుకాణందారుడికి మీ హిందీ వినే తీరిక ఉండదు. మాఘ పౌర్ణమికి జైసల్మేర్‌లో మరు మహోత్సవం (ఎడారి పండగ) జరుగుతుంది. చూడాలనుకుంటే గదులు చాలా ముందే పట్టుకోవాలి, వద్దనుకుంటే ఆ వారం తప్పించాలి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు, సెలవులు దొరికాయని కూడా వెళ్లకండి. మధ్యాహ్నం కోట గోడ నీడలో నిలబడటమే గగనం.

ప్లాన్ రాసేటప్పుడు అందరూ పొరబడేది సూర్యోదయం దగ్గర. జైసల్మేర్ మనకు బాగా పడమరన ఉంది. డిసెంబర్ చివర్లో అక్కడ సూర్యుడు వచ్చేది ఉదయం 7:30 దాటాకే, అస్తమించేది సాయంత్రం 6 ప్రాంతంలో. హైదరాబాద్ అలవాటు ప్రకారం "6 గంటలకు బయల్దేరి సూర్యోదయం చూడాలి" అని రాసుకుంటే గంటన్నర చీకట్లో వణుకుతూ కూర్చోవాలి.

2. టికెట్లు

హైదరాబాద్ నుంచి జోధ్‌పూర్‌కు చేరి, అక్కడి నుంచి జైసల్మేర్ వెళ్లడం తేలిక. కాచిగూడ నుంచి జోధ్‌పూర్‌లోని భగత్ కీ కోఠీ స్టేషన్‌కు 2025 జూలైలో నేరుగా రైలు మొదలైంది. ప్రయాణం ఒకటిన్నర రోజు పైనే, కాబట్టి రానూ పోనూ కలిపి మూడు రోజులకు పైగా రైల్లోనే గడుస్తుంది. సెలవులు తక్కువైతే వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు ఫ్లైటు పెట్టుకోండి. అటు పోయే రైలు వదులుకోవద్దని మా సలహా. మహారాష్ట్ర దాటాక ఎదురు సీట్లో కూర్చునేవాళ్లే మీ మొదటి హిందీ పంతుళ్లు.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఆన్‌లైన్‌లో ఒక టికెట్‌పై ఆరుగురికి మించి కుదరదు, కాబట్టి 12 మందికి ఇద్దరు ఒకే సమయంలో రెండు అకౌంట్ల నుంచి బుక్ చేయాలి. అందరి పేర్లు, వయసులు ముందురోజే అకౌంట్‌లో ప్రయాణికుల జాబితాకి ఎక్కించి పెట్టుకోండి. తిరుగు టికెట్ తర్వాత చూద్దామనుకునే బ్యాచ్ చివరికి తత్కాల్ కోసం జైసల్మేర్ హోటల్ లాబీలో ఫోన్లు పట్టుకుని కూర్చుంటుంది.

3. ముగ్గురేసి జట్లు కట్టండి

మొత్తం పద్ధతికి మూలం ఇదే. 12 మందిని నాలుగు జట్లు చేయండి. ప్రతి జట్టులో బాగా మాట్లాడేవారు ఒకరు, మధ్యస్థంగా ఒకరు, నోరు విప్పని వారు ఒకరు ఉండాలి. స్నేహితులందరూ ఒకే జట్టులో పడితే తెలుగే నడుస్తుంది, కాబట్టి జట్లను టీచరుగారు కట్టాలి.

నియమాలు మూడే:

అ. బయటివాళ్లతో మొదటి మాట బిడియస్తులదే. వాళ్లు పూర్తిగా ఆగిపోయాకే మధ్యస్థులు అందుకోవాలి. బాగా వచ్చినవారు చివరికి మాత్రమే, అదీ ఒక్క వాక్యం అందించి ఊరుకోవాలి.

ఆ. ఉదయం హోటల్ గుమ్మం దాటినప్పటి నుంచి సాయంత్రం టీ వరకు జట్టులో కూడా హిందీయే. రాత్రి భోజనం దగ్గర తెలుగు మాట్లాడుకోవచ్చు. రోజంతా తెలుగు నిషేధం పెట్టిన బ్యాచ్‌లలో రెండో రోజుకే జనం మౌనవ్రతం పడతారు.

ఇ. ఆరోగ్యం, డబ్బు తగాదా, దారి తప్పడం వస్తే నియమాలేవీ లేవు. బాగా వచ్చినవారు వెంటనే మాట్లాడాలి.

హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి ఒక హెచ్చరిక. మనకి అలవాటైన నక్కో (వద్దు), హౌ (అవును), కైకూ (ఎందుకు) అక్కడ పనికిరావు. తప్పేం కాదు, అవతలివాళ్లు నవ్వి ఊరుకుంటారు, కానీ సంభాషణ అక్కడే ఆగిపోతుంది. పెద్దవాళ్లని, డ్రైవర్‌ని, గైడ్‌ని అందరినీ ఆప్ అనే పిలవండి. హైదరాబాదీ చనువుతో తుమ్ అంటే మొహం మాడుతుంది. స్థానికులు తమలో తాము మాట్లాడుకునేది మార్వాడీ. అది అర్థం కాకపోతే మీ హిందీ పోయిందని బెంగపడొద్దు. అన్నట్టు, మార్వాడీలో ళ ఉంది. ఢిల్లీవాళ్లు తడబడే ఆ అక్షరం మన నోట సునాయాసంగా పలుకుతుంది.

4. గది, బండి, క్యాంపు మాట్లాడుకోండి

ఈ ఫోన్లన్నీ హైదరాబాద్ నుంచే, హిందీలోనే, ఒక్కో జట్టు ఒక్కోటి చేయాలి. స్పీకర్ ఆన్ చేసి క్లాసులోనే చేస్తే ఇంకా మంచిది.

గది: జైసల్మేర్‌లో కోట లోపల కాకుండా బయట తీసుకోండి. కోటలో ఇప్పటికీ వేల మంది నివాసం ఉంటున్నారు. వాడిన నీరు కొండలోకి ఇంకి పునాదులు బలహీనపడ్డాయి, కొన్ని బురుజులు కూలాయి కూడా. లోపల గదులు అందంగా ఉంటాయి, నిజమే, కానీ 12 మంది స్నానాల నీరు కూడా ఆ కొండలోకే పోతుంది.

మరీ చవకగా గది చూపిస్తే, ఒంటె సవారీ, క్యాంపు కూడా తమ దగ్గరే తీసుకోవాలన్న షరతు ఉందేమో అడగండి. "సిర్ఫ్ కమ్‌రా చాహియే, సఫారీ నహీఁ" అని చెప్పి, వాట్సాప్‌లో రాయించుకోండి. స్టేషన్ బయట ఎవరైనా "మీ హోటల్ మూసేశారు" అంటే అక్కడే నిలబడి హోటల్‌కి ఫోన్ చేయండి.

బండి: 12 మందికి టెంపో ట్రావెలర్ సరిపోతుంది. ముందే అడగాల్సినవి: రోజుకి ఎన్ని కిలోమీటర్ల వరకు, ఆపైన కిలోమీటర్‌కి ఎంత, డ్రైవర్ భోజనం, రాత్రి బత్తా, టోల్, పార్కింగ్ ఎవరివి. "సబ్ మిలాకే" అన్న మాటతో తృప్తిపడొద్దు. "ఇస్‌మే క్యా-క్యా షామిల్ హై?" అని ఒక్కొక్కటీ చెప్పించండి.

క్యాంపు: సమ్ దిబ్బలు జైసల్మేర్‌కి దాదాపు 40 కిలోమీటర్లు. అక్కడ వరుసగా క్యాంపులు, రాత్రి పెద్ద సౌండు పాటలు. జనంతో మాట్లాడాలంటే ఖురీ వైపు వెళ్లండి, ఊరి పక్కనే దిబ్బలు, గోల తక్కువ. ఎక్కడైనా సరే, టెంట్‌కి ఎన్ని దుప్పట్లు, వేడినీళ్లు ఏ వేళలో, పాటలు ఎన్నింటికి ఆపుతారు అన్న మూడూ అడగాలి.

5. రోజువారీ రూట్

మొదటి రోజు, జోధ్‌పూర్. 1459లో రావ్ జోధా మొదలుపెట్టిన మెహ్రాన్‌గఢ్ కోటకి పూర్తి ఉదయం ఇవ్వండి. ఆడియో గైడ్ హిందీలో తీసుకోండి. ఇంగ్లీషు తీసుకున్నవాళ్లు తేలిగ్గా బయటపడతారు కానీ, అదే విషయం పక్కవాళ్లు హిందీలో విన్నాక పోల్చుకోవడానికి జట్టుకి ఒక్కరు ఇంగ్లీషు వినొచ్చు. పక్కనే జస్వంత్ థడా, ఒక రాజు స్మారక మందిరం. సాయంత్రం గంటస్తంభం బజారులో జట్టుకి ఒక వస్తువు బేరమాడి కొనాలి.

రెండో రోజు, రోడ్డు మీద జైసల్మేర్‌కి. నేరుగా అయితే 280 కిలోమీటర్లు పైచిలుకు. కాస్త చుట్టు తిరిగి ఓసియాఁ మీదుగా వెళ్లండి. 8వ శతాబ్దం నాటి మహావీర ఆలయం, పక్కన సచియా మాత గుడి అక్కడున్నాయి. అటునుంచి ఫలోదీ, రామ్‌దేవ్‌రా, పోఖ్రన్. ఉదయం 7కి కదిలితేనే వెలుగుండగా చేరతారు. రాత్రి రైలు ప్రత్యామ్నాయమే, హోటల్ ఖర్చు కలిసొస్తుంది. కానీ తెల్లవారకముందే దిగితే గదిలోకి ఎప్పుడు రానిస్తారో ముందే అడిగి పెట్టుకోవాలి.

మూడో రోజంతా కాలినడకే. త్రికూట కొండ మీద జైసల్మేర్ కోటని 1156లో రావల్ జైసల్ కట్టించాడని చెబుతారు. 2013లో యునెస్కో గుర్తించిన ఆరు రాజస్థాన్ కొండకోటల్లో ఇదొకటి. అఖై పోల్, సూరజ్ పోల్, గణేశ్ పోల్, హవా పోల్ అనే నాలుగు ద్వారాలు దాటి పైకి చేరగానే అందరూ రాజమహల్ మ్యూజియంలోకి దూరతారు. మీరు ముందు జైన దేవాలయాలకి వెళ్లండి. జైనులు కానివాళ్లని ఉదయం పూటే రానిస్తారు. మ్యూజియం ముగించుకుని తీరిగ్గా వచ్చేసరికి ద్వారం మూసి ఉంటుంది. తోలు బెల్టులు, పర్సులు లోపలికి రానివ్వరు, ఆ రోజు గుడ్డ సంచి తెచ్చుకోండి. గుమ్మం దగ్గరున్న నియమాల బోర్డు బిడియస్తుల చేత పైకి చదివించండి. సంస్కృతం, ప్రాకృతం చదివేవాళ్లుంటే అక్కడి జ్ఞాన భండార్ (తాటాకు ప్రతుల గ్రంథాలయం) వదలొద్దు. ఆ తాటాకులు మనవాటిలా గంటంతో గీసినవి కావు, సిరాతో రాసినవి. మధ్యాహ్నం విశ్రాంతి. మూడింటికి పట్వోఁ కీ హవేలీ (వ్యాపారుల పాత భవంతులు), సాయంత్రం గడీసర్ చెరువు.

నాలుగో రోజు ఉదయం బడా బాగ్ ఛత్రీలు (రాజుల స్మారక మండపాలు), లోద్రవా. కోట కట్టకముందు భాటీ రాజుల రాజధాని లోద్రవాయే. మధ్యాహ్నం 2కి జనం వదిలేసిపోయిన ఊరు కుల్‌ధరా, 4:30కల్లా దిబ్బల దగ్గర. కుల్‌ధరాలో గైడ్ దెయ్యాల కథే చెబుతాడు. విని ఊరుకోకుండా "పానీ కహాఁ సే ఆతా థా?" (నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చేవి?) అని అడగండి. పాలీవాల్ బ్రాహ్మణులు 19వ శతాబ్దం మొదట్లో ఊరు వదలడానికి దివాన్ సాలిమ్ సింగ్ ఆగడాలు కారణమని కథ, నీళ్లు ఎండిపోవడమని పరిశోధకుల వాదన. రెండు కథలూ హిందీలో చెప్పించి రాసుకుంటే అదే ఆ రోజు పాఠం.

అయిదో రోజు దిబ్బల మీద సూర్యోదయం చూసి వెనక్కి. టైముంటే బాడ్‌మేర్ రోడ్డులో 17 కిలోమీటర్ల దూరాన ఆకల్ శిలాజ వనం. అక్కడున్నవి దాదాపు 18 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మానులు, రాళ్లైపోయాయి. అలసిపోతే మానేయండి, ఏం కొంపలు మునగవు.

తనోట్, లోంగేవాలా వైపు సరిహద్దు ప్రాంతం. బ్యాచ్‌లో విదేశీ విద్యార్థులుంటే ముందస్తు అనుమతి లేకుండా అటు ప్లాన్ పెట్టొద్దు. డ్రోన్ హైదరాబాద్‌లోనే వదిలిరండి. సైనిక వాహనాలని, విమానాలని ఫొటోలు తీయకండి.

6. రాతి మీద రాత చదవడం

భాషా విద్యార్థులు ఇంత దూరం వెళ్లి శాసనం ఒక్కటైనా చదవకపోతే ఎలా? బడా బాగ్ ఛత్రీల మీద, కుల్‌ధరాలోని దేవలీల మీద, అంటే స్మారక శిలల మీద, నాగరి రాతలు దొరుకుతాయి. పద్ధతి ఇదీ:

1) ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు అక్షరాలు కనబడవు. ఉదయం, సాయంత్రం ఏటవాలు వెలుగులో చూడండి. నీడలో ఉంటే టార్చిని రాయికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి పట్టాలి. ఎదురుగా కొడితే అంతా చదునే.

2) సుద్ద, పిండి, నీళ్లు, నూనె ఏవీ పూయొద్దు. కాగితం పెట్టి రుద్దొద్దు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

3) పదాల మధ్య ఖాళీలు ఉండవని గుర్తుంచుకుని, ముందు "సంవత్" అన్న మాట వెతకండి. దాని పక్కనే అంకెలుంటాయి. అవి మామూలుగా విక్రమ శకానివి, అందులోంచి 57 తీసేస్తే క్రీస్తు శకం సంవత్సరం. నెల మాఘం, ఫాల్గుణం లాంటిదైతే 56 తీసేయాలి. సంవత్ 1892 మార్గశిరం అంటే 1835.

4) అక్కడ భాటిక సంవత్ అని మరో లెక్క కూడా ఉంది. ఆ మాట కనిపిస్తే తీసివేత కాదు, దాదాపు 623 కలపాలి. కుల్‌ధరాలో దొరికిన రెండు దేవలీలు ఈ లెక్కలోనివే, 1235లో, 1238లో పోయినవారివి. ఇది తెలియక 57 తీసేసి ఆరో శతాబ్దానికి వెళ్లిపోయేవాళ్లున్నారు.

5) పాత నాగరిలో ఏత్వం అక్షరం నెత్తిన కాకుండా దాని ముందు నిలువుగీతలా ఉండొచ్చు. దాన్ని ముందున్న అక్షరానికి దీర్ఘమనుకుని చదువుతారు. ఇక ఏ మాటా అర్థం కాదు. దీర్ఘాలు మరీ ఎక్కువగా కనిపిస్తుంటే అనుమానించండి.

సరిచూసుకోవడం: జట్టులో ముగ్గురూ విడివిడిగా రాసుకుని తర్వాత పోల్చండి. విక్రమ, శక సంవత్సరాలు రెండూ రాసి ఉంటే తేడా 135 రావాలి. రాకపోతే ఏదో అంకె తప్పు చదివారు. ముందు 5, 8, 9 చూడండి, పాత రూపాలు ఇప్పటివాటిలా ఉండవు.

ఉర్దూ బ్యాచ్ అయితే ఈ మెట్టు బదులు గడీసర్ దగ్గరో, ఖురీలోనో పెద్దవాళ్ల చేత ఒక పాట గానీ కథ గానీ అనుమతితో రికార్డు చేసి, విని ఉర్దూ లిపిలో రాయండి. రికార్డింగ్‌కి ముందు అనుమతి మాట కూడా అందులోనే పడేలా చూడండి.

7. ఇసుక, ఒంటె, జీపు

ఒంటె మొదట వెనక కాళ్ల మీద లేస్తుంది, కాబట్టి మీరు ముందుకు తూలతారు. కూర్చునేటప్పుడు మొదట ముందు కాళ్ల మోకాళ్లు వంచుతుంది, మళ్లీ ముందుకే తూలతారు. రెండుసార్లూ వెనక్కి వాలి జీను గట్టిగా పట్టుకోవాలి. ఫోన్ చేతిలో పట్టుకుని ఎక్కేవాళ్లే పడతారు. జీపు వెనక కడ్డీ పట్టుకుని నిలబడే సవారీ వద్దనండి, "బైఠ్‌కర్ హీ జాయేంగే" అని బేరం ముందే చెప్పేయాలి. ఫోన్లు, కెమెరాలు జిప్ కవర్లో. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు ఆ సాయంత్రానికి కళ్లజోడు పెట్టుకోండి.

8. నీళ్లు, డబ్బు

మనిషికి రోజుకి 3 లీటర్లు. 12 మందికి 36, అంటే 20 లీటర్ల క్యాన్లు రెండు బండిలో ఎప్పుడూ ఉండాలి. చలికాలం కదా అని దాహం తెలియదు, సాయంత్రానికి తలనొప్పి. మూత్రం ముదురు పసుపైతే నీళ్లు చాలడం లేదని లెక్క. ఓఆర్ఎస్ అయిపోతే లీటరు మంచినీళ్లలో 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ చదునుగా కొలిచి. దాల్ బాటీలో (పప్పుతో తినే కాల్చిన గోధుమపిండి ఉండలు) నెయ్యి ధారాళంగా పోస్తారు, మొదటిరోజే మూడు బాటీలు లాగించి మర్నాడు రోడ్డు ప్రయాణం పెట్టుకోకండి.

బజారులో యూపీఐ నడుస్తుంది. దిబ్బల దగ్గర సిగ్నల్ నమ్మలేం, పది, యాభై, వంద నోట్లు ఉంచుకోండి. ఉమ్మడి ఖర్చుకి ఒక్కరే ఖజాంచీ, రోజూ రాత్రి భోజనం దగ్గర లెక్క చదవాలి. అనుకున్న మొత్తం మీద 15 శాతం అదనంగా ముందే వసూలు చేసి, మిగిలితే పంచండి. మధ్యలో మళ్లీ డబ్బులడిగితే బ్యాచ్‌లో మొహాలు మారతాయి.

9. పని జరిగిందో లేదో చూసుకోండి

బయల్దేరే ముందు ప్రతి ఒక్కరూ "మీ ఊరికి దారి చెప్పండి" అన్న ప్రశ్నకి రెండు నిమిషాలు హిందీలో జవాబు రికార్డు చేయాలి. తిరిగొచ్చిన వారంలో అంతే నిడివిలో కుల్‌ధరా కథ చెప్పాలి. రెండూ పక్కపక్కన వినండి. చూడాల్సింది తప్పుల సంఖ్య కాదు, మధ్యలో ఎన్నిసార్లు ఆగి తెలుగులోకి జారారన్నది. బిడియస్తుల రికార్డింగ్‌లో తేడా లేకపోతే 3వ మెట్టులోని మొదటి నియమం ఎక్కడో సడలిందని అర్థం. సాధారణంగా అది రెండో రోజు బండిలో, డ్రైవర్‌తో మాట్లాడే పని ఒక్కరికే వదిలేసినప్పుడు జరుగుతుంది. తర్వాతి బ్యాచ్‌లో డ్రైవర్ పక్క సీటుని ప్రతి గంటకీ మార్చండి.